నల్లకోటు తొలి ఏడాది: నా లెక్కలు, నా పొరపాటు

2024 ఆగస్టు 31న ఉద్యోగం మానేశాను. హైదరాబాద్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర సాయంత్రం పూట జీఎస్టీ రిటర్నులు వేసే పని, నెలకు 14 వేలు. ఎల్‌ఎల్‌బీ చదివిన మూడేళ్లూ నన్ను పోషించింది అదే. పట్టా రాగానే దాన్ని వదులుకోవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు. న్యాయవాదిగా నమోదు కావడానికి బార్ కౌన్సిల్ దరఖాస్తు నింపుతుంటే, ఎక్కడా జీతానికి పని చేయడం లేదని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం ఇవ్వాలని కనిపించింది. న్యాయవాదిగా నమోదైనవారు పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదన్నది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన. నాది సగం పూట పనే కదా అని వాదించుకోవచ్చు. కానీ నెలనెలా పీఎఫ్ కట్ అవుతోంది, అంటే కాగితాల మీద నేను జీతం ఉద్యోగినే. వృత్తిలో పెట్టే మొదటి సంతకమే సాకుతో పెట్టడానికి మనసొప్పలేదు. అప్పటికి బ్యాంకులో ఉన్నది లక్షా నలభై వేలు. డిగ్రీ తర్వాత మిర్యాలగూడ రైస్ మిల్లులో నాలుగేళ్లు లెక్కలు రాసి మిగిల్చుకున్న డబ్బు అందులో ఎక్కువ.

ఆ లక్షా నలభైలో పెద్ద భాగం నమోదు రుసుముకే పోతుందని భయపడ్డాను. ముందు బ్యాచ్‌లవాళ్లు చెప్పిన అంకెలన్నీ వేలల్లో ఉండేవి. అదృష్టం కలిసొచ్చింది. నెల ముందే, 2024 జూలై 30న, అడ్వకేట్స్ చట్టంలో రాసి ఉన్నదానికి మించి ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జనరల్ వర్గానికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు సుంకం ఉంటే అది వేరు. ఆ కేసులో ఒడిశా రుసుము 42,100 రూపాయలని చదివి, నాన్నకు ఫోను చేసి చెప్పాను. "750 అంటే ఒక బస్తా బియ్యం కూడా రాదు కదా, సరిగ్గా చదివావా?" అన్నారు.

రుసుము తగ్గింది గానీ కాగితాలు తగ్గలేదు. నాకు పన్నెండు రోజులు పట్టింది ఒక్క అక్షరం వల్ల. పదో తరగతి మెమోలో నాన్న పేరు ఒకలా ఉంది, ఇంటర్ మెమోలో ఒక అక్షరం ఎక్కువ. ఇద్దరూ ఒక్కరే అని ప్రమాణపత్రం, దానికి నోటరీ. డిగ్రీకీ లా చదువుకూ మధ్య నాలుగేళ్లు ఏం చేశానో చెప్పడానికి ఇంకో ప్రమాణపత్రం. ఫొటోలు కోటు, మెడపట్టీతో దిగినవే కావాలన్నారు. అంటే లాయరు కాకముందే లాయరు వేషం కొనుక్కోవాలి. స్టూడియోలో అందరికీ తొడిగే కోటు ఒకటి ఉంది. నాకంటే ముందు దాన్ని ఎంతమంది వేసుకున్నారో, మెడ దగ్గర పౌడరు వాసన. నోటరీలకు, జిరాక్సులకు, ఫొటోలకు, తిరుగుళ్లకు కలిపి 2,300 రూపాయలు అయ్యాయి. రుసుముకు మూడు రెట్లు.

దసరా సెలవుల తర్వాత, దీపావళికి ముందు వారంలో ప్రమాణం చేయించారు. అందరం ఒకే గొంతుతో చదివాం. అమ్మ వచ్చింది. చప్పట్లు కొట్టవచ్చో లేదో తెలియక చేతులు కలిపి అలాగే పట్టుకుని కూర్చుంది.

అది తాత్కాలిక నమోదు మాత్రమే. ఆలిండియా బార్ పరీక్ష రెండేళ్లలో పాస్ కావాలి, ఈలోగా కోర్టుకు వెళ్లవచ్చు. నేను ఆగదలచుకోలేదు. ఆ ఏడాది పరీక్షకు వెంటనే దరఖాస్తు చేశాను. ఫీజు మూడు వేలు దాటింది. నమోదుకు 750, పరీక్షకు దానికి నాలుగింతలు పైన! పుస్తకాల ఖర్చు అంతకంటే ఎక్కువ. మూడేళ్లు పాత శిక్షాస్మృతి (ఐపీసీ), నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ), సాక్ష్య చట్టం చదివిన బ్యాచ్ మాది. 2024 జూలై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం వచ్చాయి. 302 అంటే హత్య అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇప్పుడది 103. 420 పోయి 318 వచ్చింది. పాత పుస్తకాలు తూకానికి వేసి, కొత్త చట్టాల మూల ప్రతులు కొన్నాను.

పరీక్ష డిసెంబరు 22, ఆదివారం మధ్యాహ్నం. వంద ప్రశ్నలు, మూడున్నర గంటలు. తప్పు రాస్తే మార్కులు కోయరు. వ్యాఖ్యానం లేని మూల చట్టాల పుస్తకాలు లోపలికి తీసుకెళ్లనిస్తారు. ఇదే పెద్ద ఉచ్చు. చూసి రాసే పరీక్షే కదా అని సంచీ నిండా మోసుకొచ్చినవాళ్లు పేజీలు తిప్పుతూనే ఉండిపోయారు. ప్రశ్నకు రెండు నిమిషాలు మాత్రమే ఉంటుంది. విషయసూచిక వెతికి, సెక్షన్ పట్టి, చదివేసరికి నాలుగైదు నిమిషాలు. నేను పదకొండు సార్లు మాత్రమే పుస్తకం తెరిచాను. గుమ్మం దగ్గర నా పుస్తకాల్లో ఒకటి తీసేసుకున్నారు. సెక్షన్ల కింద చిన్న అక్షరాల్లో వివరణలు ఉన్నాయట. కొనేటప్పుడు నేను గమనించలేదు. నా పక్క అమ్మాయి తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకుంది. బయటికొచ్చాక, "దావా, ముద్దాయి దాకా బాగానే ఉంది, ఆ తర్వాత తెలుగు మాట చూసి ఇంగ్లీషు మాట ఏదై ఉంటుందా అని ఊహించుకోవలసి వచ్చింది" అంది. కాలేజీలో ఇంగ్లీషులో చదివినవాళ్లు ఈ సంగతి దరఖాస్తు నింపేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఫలితం మార్చి మూడో వారంలో వచ్చింది. మూడు నెలల నిరీక్షణ. పాస్. ప్రాక్టీస్ సర్టిఫికెట్ చేతికి వచ్చింది మాత్రం జూలైలో.

పరీక్ష కంటే ముందే, నవంబరు 11న, హైదరాబాద్‌లో ఒక సీనియర్ గారి ఆఫీసులో చేరాను. మా కాలేజీ లెక్చరర్ ఒకరు చెప్పి పంపారు. జీతం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ ముందు నెలలోనే, అక్టోబరు 2024లో, జూనియర్లకు నగరాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే. నా ఫోనులో ఆ సర్క్యులర్ ఉంది. తీసి చూపించే ధైర్యం మాత్రం లేదు. మొదటి రెండు నెలలు సున్నా. జనవరి నుంచి నాలుగు వేలు. హాస్టలుకు ఏడు వేలు, తిండికీ బస్సులకూ ఇంకో మూడు వేలు. లెక్కలు రాసి బతికినదాన్ని కదా, ఈ తీసివేత ఎటు పోతుందో మొదటి నెలలోనే అర్థమైంది. ఏప్రిల్ చివరికి దాచుకున్న డబ్బు దాదాపు సగం కరిగిపోయింది.

ఆయన్ని తప్పుపట్టలేను. పని నేర్పారు. నిజం చెప్పాలంటే, నేర్పింది ఎక్కువగా ఆ ఆఫీసు గుమస్తా గారు. ముప్పై ఏళ్లుగా కోర్టు మెట్లు ఎక్కి దిగుతున్న మనిషి. నేను 'బాబాయి గారూ' అని పిలిచేదాన్ని. కేసు ఫైలు కట్టడం, వకాలతు (కక్షిదారు లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీద వెల్ఫేర్ స్టాంపు అంటించడం, కోర్టు ఫీజు లెక్క, ఎదుటివారికి నోటీసు పంపే ఖర్చు అయిన బట్టా ఎప్పుడు కట్టాలి, కాపీ అప్లికేషన్ ఎక్కడ వేయాలి: కాలేజీలో వీటిలో ఒక్కటి కూడా చెప్పలేదు. నేను తయారుచేసిన మొదటి దావా కోర్టు ఆఫీసు నుంచి మూడుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి పేజీ సంఖ్యలు వరుసలో లేవని, రెండోసారి ఒక పత్రానికి తర్జుమా జత చేయలేదని, మూడోసారి డాకెట్ (కేసు వివరాలు రాసే వెనుక పేజీ) మీద తేదీ వేయలేదని. మూడోసారి ఏడుపొచ్చింది. "వెనక్కి రావడం అవమానం కాదమ్మా, వారం లోపల తిరిగి వేయకపోవడం అవమానం" అన్నారు బాబాయి గారు.

మొదటిసారి న్యాయమూర్తి ముందు నిలబడింది డిసెంబరు మొదటి వారంలో. సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు. కౌంటరుకు, అంటే మా వైపు జవాబు వేయడానికి, గడువు అడిగి రమ్మన్నారు. ఒక్క వాక్యం. ఉదయం నుంచి అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నాను. కేసు పిలిచారు, నిలబడ్డాను, చెప్పాను. "మీరు ఎవరి తరపునమ్మా?" అని అడిగారు. నోట మాట రాలేదు. కేసు నంబరు తెలుసు, వాయిదా దేనికో తెలుసు, మనం పిటిషన్ వేసిన పిటిషనరో, జవాబు చెప్పే రెస్పాండెంటో మాత్రం తెలియదు. ఫైలు తెరిచే లోపు కాగితాలు కింద పడ్డాయి. ఎదుటి పక్షం న్యాయవాది వంగి తీసిచ్చి, "రెండో రెస్పాండెంటు" అని మెల్లగా అందించారు. గడువు ఇచ్చారు. ఆ పెద్దాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఫిబ్రవరి. ఇది రాయకుండా దాటేయవచ్చు. కానీ ఈ ఏడాదిలో నేను నిజంగా నేర్చుకున్నది ఇదే.

లాయరు ఆఫీసులో అన్నిటికన్నా విలువైన పుస్తకం చట్టం పుస్తకం కాదు, వాయిదా డైరీ. ప్రతి కేసుకు తర్వాతి తేదీ అందులోకి ఎక్కాలి. రాసే పని జూనియర్‌ది. ఒక సివిల్ దావాలో బెంచ్ క్లర్క్ చెప్పిన తేదీ ఫిబ్రవరి 11. కోర్టు హాల్లో చప్పుడు, చేతిలో ఆరు ఫైళ్లు. నేను చీటీ మీద గీసుకున్న 11లో రెండో ఒకటి పైన కొక్కెం తిరిగింది. సాయంత్రం దాన్నే చూసి డైరీలో 17 అని ఎక్కించాను. 17న తీరిగ్గా వెళ్లి చూస్తే ఆ రోజు జాబితాలో కేసు లేదు. ఈ-కోర్టుల యాప్‌లో చూశాను. 11న పిలిచారు, ప్రతివాది వైపు న్యాయవాది హాజరయ్యారు, మా వైపు ఎవరూ లేరు. దావా కొట్టేశారు.

కారిడార్లో గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్లు చల్లబడ్డాయి. ఆ దావా వేసింది ఒక రిటైర్డ్ టీచరు గారు. ప్రతి వాయిదాకూ ముందు రోజు ఫోను చేసి, "రేపు నేను రావాలా తల్లీ?" అని అడిగేవారు. 16న కూడా చేశారు. అవసరం లేదు మాస్టారూ అని చెప్పింది నేనే.

సీనియర్ గారికి చెప్పడానికి సాయంత్రం ఆరు దాకా ఆగాను. ఆగడం ఇంకో తప్పు. ఆయన అరవలేదు. డైరీ తెప్పించి చూసి, "కొట్టేసిన తేదీ నుంచి ముప్పై రోజులు ఉంది. ఈ రాత్రికి పునరుద్ధరణ పిటిషన్ రాయి. కారణం ఉన్నది ఉన్నట్టు రాయి, జ్వరం వచ్చిందని రాయకు" అన్నారు. తర్వాత నా ఎదుటే మాస్టారు గారికి ఫోను చేసి, "పొరపాటు మా ఆఫీసుది, ఖర్చు మాది" అని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. ప్రతివాదికి 500 రూపాయలు ఖర్చుల కింద చెల్లించమని, దావా పునరుద్ధరిస్తూ ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. ఆ 500 నేనే కడతానంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ రెండు నెలలు మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

బాబాయి గారు చెప్పిన ఉపాయం ఇక్కడ రాసిపెడుతున్నాను. తేదీ ఒక్కటే రాయకూడదు, పక్కన వారం కూడా రాయాలి. అది హాల్లోనే, క్లర్క్ నోటి నుంచి విన్నది విన్నట్టు. 2025 ఫిబ్రవరి 11 మంగళవారం, 17 సోమవారం. చీటీ మీద '11 మంగళ' అని ఉంటే సాయంత్రం డైరీలో సోమవారం పేజీ తెరిచినప్పుడే దొరికిపోయేదాన్ని. రాత్రి పడుకునే ముందు యాప్‌లో అన్ని కేసుల తేదీలూ ఒకసారి సరిచూస్తాను. పది నిమిషాల పని.

మేలో కోర్టులకు వేసవి సెలవులు. ఇంటికి వచ్చాను. తిరిగి హైదరాబాద్ వెళ్లే డబ్బు లెక్క కుదరడం లేదు. ఆ సమయంలోనే మే 20న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. సివిల్ జడ్జి తొలి స్థాయి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఆ మూడేళ్లు తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్క. అప్పటికే మొదలైన నియామకాలకు వర్తించదు. నా స్నేహితురాలు ఒకతె, 'ముందు జడ్జి పరీక్షకు చదువుకుంటాను, నమోదు సంగతి తర్వాత' అని ఆ 750 కట్టకుండా కూర్చుంది. ఆ రోజు ఫోనులో ఆమె గొంతు నేను మరచిపోలేను. నాకు 2027 అక్టోబరుకు మూడేళ్లు నిండుతాయి. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చే ధ్రువపత్రం కావాలి, దాని మీద న్యాయాధికారి సంతకం కూడా కావాలి. కాబట్టి ఊరికే పేరు నమోదు చేయించుకుని ఇంట్లో ఉంటే కుదరదు.

మా బ్యాచ్‌వాళ్లు ఎటు పోయారో కూడా చెబుతాను, ఎందుకంటే కాలేజీ జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది అదే. ఒకరు గచ్చిబౌలిలో కాంట్రాక్టులు చదివి పెట్టే కంపెనీలో చేరారు. జీతం మొదటి నెల నుంచే నా ఏడాది సంపాదనను వెక్కిరిస్తుంది. కానీ అది జీతం ఉద్యోగం, ప్రాక్టీసు కింద లెక్కకు రాదు. జడ్జి కావాలనే కోరిక ఏ మూలనైనా ఉంటే ఇది ముందే తెలుసుకోవాలి. ఇంకొకరు హైకోర్టులో న్యాయమూర్తి దగ్గర లా క్లర్కు. ఆ కాలాన్ని మూడేళ్లలో కలుపుకోవచ్చని తీర్పులోనే ఉంది. ఇద్దరు బ్యాంకుల లా ఆఫీసరు పరీక్షకు చదువుతున్నారు. దానికి న్యాయవాదిగా నమోదై ఉండాలి, వయసు ముప్పై దాటకూడదు. నాకు 28. ఆ కిటికీ మూసుకుపోతోందని తెలుసు. ఒక రాత్రి దరఖాస్తు సగం నింపి ఆపేశాను. ఎందుకు ఆపానో నాన్న అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను.

జూన్‌లో మా ఊరి కోర్టులోనే ఒక సీనియర్ గారి దగ్గర చేరాను. ఈసారి మొదటి రోజే జీతం అడిగాను. ఆరు వేలన్నారు. ఇంట్లో తిండి, అద్దె లేదు, కాబట్టి హైదరాబాద్ నాలుగు వేలకంటే ఇది చాలా ఎక్కువ. మరో లాభం, చిన్న కోర్టులో సొంత కేసులు త్వరగా వస్తాయి. ఎండాకాలంలో జిల్లా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. గౌను సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప ఎక్కడా తప్పనిసరి కాదు. ఇది తెలియక నేను మొదట్లోనే 900 పెట్టి గౌను కొన్నాను. బీరువాలో ఉంది.

నా సొంత మొదటి కేసు చెక్కు కేసు. మిల్లులో నాతో పనిచేసిన వ్యక్తి చెల్లని చెక్కు పట్టుకుని వచ్చాడు. బ్యాంకు మెమో వచ్చి ఎన్నాళ్లయింది అని అడిగితే, "నెల కాలేదు మేడమ్, ఇరవై ఏడు రోజులే" అన్నాడు నిబ్బరంగా. నోటీసు పంపడానికి ఉన్నది ముప్పై రోజులు. ఆ రాత్రే నోటీసు రాసి, మర్నాడు పోస్టాఫీసు తెరవకముందే తలుపు దగ్గర నిలబడ్డాను. రిజిస్టర్డ్ పోస్టు రశీదు ఫొటో ఇప్పటికీ ఫోనులో ఉంది. ఫీజు 5 వేలు, రెండు విడతల్లో.

నవంబరుతో ఏడాది నిండింది. హైదరాబాద్‌లో నాలుగు నెలల 16 వేలు, ఇక్కడ ఆరు నెలల 36 వేలు, సొంత ఫీజులు 22,500. మొత్తం 74,500. ట్యాక్స్ ఆఫీసులో సగం పూట పనికే లక్షా 68 వేలు వచ్చేవి. చేరబోయేవాళ్లు కనీసం ఏడాదిన్నర ఖర్చు చేతిలో పెట్టుకుని రండి, లేదా ఇంటి నుంచి వెళ్లి రాగలిగే కోర్టు చూసుకోండి. నగరంలో పెద్ద ఆఫీసు పేరు కోసం హాస్టలు అద్దె కట్టడం ఒక్కటే ఇప్పుడు నేను చేయకుండా ఉండాల్సిందనిపిస్తుంది. అలా చేసి ఉంటే ఆ గుమస్తా గారు దొరికేవారు కాదు, అది వేరే సంగతి.

పోయిన వారం ఒక రైతు వచ్చారు, డెబ్భై దాటిన పెద్దాయన. రెండెకరాల పది గుంటల భూమి, పక్కవాడు గట్టు జరుపుతున్నాడని, అతన్ని ఆపే ఉత్తర్వు కోసం ఇంజంక్షన్ దావా. పాత దస్తావేజు చూసి హద్దులతో సహా ఇంగ్లీషులో దావా తయారుచేశాను. చివర్లో, 'ఇందులోని విషయాలు తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశాను' అనే వాక్యం ఉంటుంది. వేలిముద్ర వేయించి పంపేస్తే పది నిమిషాల పని. కానీ ఫిబ్రవరి నుంచి నాకు ఇలాంటి పది నిమిషాలంటే భయం. కూర్చోబెట్టి, పేరాపేరా తెలుగులో చెప్పాను. హద్దుల దగ్గర, "తూర్పున బండ్ల బాట" అనగానే చెయ్యి ఎత్తారు.

"బాట ఎక్కడిది బిడ్డా? నా చిన్నప్పటి మాట అది. ఎడమ కాలువ నుంచి పిల్లకాలువ తవ్వినప్పుడే పోయింది."

తూర్పు హద్దు మార్చి, ఆ పేజీ మళ్లీ ప్రింటు తీసి, మొదటి నుంచి ఇంకోసారి చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. పడమర, ఉత్తరం, దక్షిణం దాటాక తల ఊపి, బొటనవేలు సిరా పెట్టె మీద ఆనించారు. దావా సోమవారం వేశాం. పేజీ సంఖ్యలు నేనే రెండుసార్లు సరిచూశాను. బుధవారం నంబరు పడింది, ఈసారి వెనక్కి రాలేదు. మొదటి వాయిదా తేదీ డైరీలో ఎక్కించాను, పక్కన వారంతో సహా.